బడి ఉద్యోగం, మొదటి నవల: తరచుగా అడిగే ప్రశ్నలు

నా మొదటి నవల 2025 జనవరిలో అచ్చయింది. అప్పటి నుంచి ఒంగోలు, కందుకూరు, నెల్లూరు సభల్లోనూ, తోటి ఉపాధ్యాయుల ఫోన్లలోనూ, చదివినవారు రాసిన ఉత్తరాల్లోనూ కొన్ని ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. సభ ముగిసే తొందరలో చెప్పిన సగం జవాబులు నాకే అసంతృప్తి మిగిల్చాయి కాబట్టి, వాటిని తీరికగా ఆలోచించి ఇక్కడ రాశాను. నేను ప్రకాశం జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు స్కూల్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. ఉద్యోగం చేస్తూ రాయాలనుకునే ఉపాధ్యాయులకు, ముఖ్యంగా ఇంటి పని కూడా తమదే అయిన ఉపాధ్యాయినులకు, ఇందులో ఏ కొంచెమైనా పనికివస్తే సంతోషిస్తాను.

మిమ్మల్ని ముందు ఉపాధ్యాయురాలు అనాలా, నవలా రచయిత్రి అనాలా?

ఉపాధ్యాయురాలు అనండి. పాఠాలు చెప్పడం మొదలుపెట్టి పదిహేనేళ్లు దాటింది, నవల వచ్చి కొద్దికాలమే అయింది. అంతకుముందు నేను రాసినవి వారపత్రికల్లో, ఆదివారం అనుబంధాల్లో వచ్చిన తొమ్మిది కథలు మాత్రమే.

మొదటి నవలకు తొమ్మిదేళ్లు ఎందుకు పట్టింది?

2016 వేసవి సెలవుల్లో మొదటి అధ్యాయం రాశాను. అది మొదట ఒక కథ. పత్రికకు పంపడానికి కుదించబోతే ప్రతిసారీ ఏదో ఒక మనిషి బయటే ఉండిపోతున్నట్టు అనిపించింది. ఆ మనుషులందరికీ చోటు కావాలంటే నవలే రాయాలని తెలుసుకోవడానికి ఒక ఏడాది పట్టింది. తొలి ప్రతి 2020లో, బడులు మూతపడిన నెలల్లో పూర్తయింది. చదివి చూసుకుంటే సగం పుస్తకంలో పాత్రలకు బదులు నేనే పాఠం చెబుతున్నాను. రైతు కష్టం గురించి రైతు మాట్లాడడం లేదు, తెలుగు టీచరు వివరిస్తోంది. ఉపాధ్యాయులు రాసే కథల్లో తరచుగా కనిపించే దోషం ఇది. ఎదుటివారికి అర్థమైందో లేదోనని అదే మాటను మూడు తీర్లుగా చెప్పడం తరగతి గదిలో అవసరం, నవలలో పాఠకుణ్ణి అవమానించడం. దాన్ని తీసివేయడానికి మరో రెండు ప్రతులు, నాలుగేళ్లు పట్టాయి.

ఆలస్యానికి నేను చింతించడం లేదు. నా ఇల్లు గడిచేది జీతం మీద. నవల త్వరగా అచ్చుకావాలని, బాగా అమ్ముడుపోవాలని నన్ను తొందరపెట్టే అప్పులవాడు ఎవరూ లేకపోవడం వల్లనే రెండు వందల పేజీలు పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టగలిగాను. ఉద్యోగం రచనకు అడ్డం కదా అని జాలిపడేవారికి నేను మొదట చెప్పేది ఇదే.

బడి పనితో రాయడానికి సమయం ఎలా దొరికింది?

తెల్లవారుజామున ఐదు నుంచి ఆరున్నర వరకు రాసేదాన్ని. ఆ తరువాత వంట, బస్సు, తొమ్మిది గంటలకు ప్రార్థన. సాయంత్రం రాయడం నాకు ఎన్నడూ సాధ్యపడలేదు. రోజంతా గట్టిగా మాట్లాడిన గొంతుకూ, తలకూ సాయంత్రం మిగిలేది అలసటే. పైగా ఉపాధ్యాయుల పని పాఠాలతో అయిపోదు. హాజరు యాప్‌లో నమోదు చేయాలి, మధ్యాహ్న భోజనం వివరాలు పంపాలి, పరీక్షల మార్కులు ఎక్కించాలి, ఎన్నికలు వస్తే ఆ విధులకు వెళ్లాలి.

అందుచేత ఏడాదిని పంటల క్యాలెండరులా పంచుకున్నాను. జూన్ నుంచి డిసెంబరు వరకు రోజుకు ఒక పేజీ. జనవరి నుంచి మార్చి వరకు పదో తరగతి పిల్లలకు ప్రత్యేక తరగతులు ఉంటాయి కాబట్టి కొత్తది రాయకుండా, రాసినదాన్ని చదువుకోవడం. ఏప్రిల్‌లో స్పాట్ వాల్యుయేషన్ (పదో తరగతి జవాబుపత్రాలు దిద్దే పని) ముగిశాక, బడి తెరిచే జూన్ 12 వరకు దొరికే వారాల్లో అసలైన దిద్దుబాటు. రాయని రోజుల్లో కూడా నోటుపుస్తకం తెరిచి నిన్నటి పేరా ఒకసారి చదివి మూసేదాన్ని. పది రోజులు ముట్టకపోతే ఆ ఊరికి దారి మరచిపోయినట్టు అయ్యేది, తిరిగి పట్టుకోవడానికి నెల పట్టేది.

నవలకు పొగాకు పల్లెనే ఎందుకు ఎంచుకున్నారు?

నేను పుట్టింది కందుకూరుకూ కొండపికీ మధ్య ఉన్న ఒక ఊళ్లో. మా బడి హాజరుపట్టీని చూస్తే బయట పొలంలో ఏం జరుగుతున్నదో చెప్పవచ్చు. అక్టోబరు, నవంబరుల్లో వర్జీనియా నాట్లు పడతాయి. జనవరి వచ్చేసరికి రెలుపులు మొదలవుతాయి. మొక్క అడుగు నుంచి పైకి, ముదిరిన రెండు మూడు ఆకులను మాత్రమే ఒక విడతలో కోస్తారు, మళ్లీ వారానికి పై వరుస. కోసిన ఆకును కర్రలకు అల్లి బ్యారన్ అనే చిన్న గదిలో వేలాడదీసి, ఐదారు రోజుల పాటు వేడిని మెల్లగా పెంచుకుంటూ పోతారు. రాత్రిపూట మంట దగ్గర ఎవరో ఒకరు కాపలా ఉండాలి. మంట తగ్గినా, మించినా ఆకు రంగు చెడుతుంది, రంగు చెడితే గ్రేడు పడిపోతుంది, గ్రేడు పడిపోతే వేలంలో ధర పోతుంది. ఒక కుటుంబపు ఏడాది కష్టమంతా ఆ చిన్న గదిలోని వేడి మీద ఆధారపడి ఉండడం నన్ను చిన్నప్పటి నుంచి భయపెట్టిన విషయం.

ఆ రోజుల్లో మా తరగతిలో మూడు బెంచీలు ఖాళీ అవుతాయి. వచ్చిన పిల్లల అరచేతులు పసరు అంటి నల్లగా ఉంటాయి, సబ్బుతో పోవు. తడి ఆకులో పనిచేసి వచ్చినవారికి కడుపులో తిప్పి వాంతులవుతాయి. తడి ఆకులోని నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి చేరడం వల్ల ఇది వస్తుందని నేను చాలా ఆలస్యంగా చదివి తెలుసుకున్నాను. అంతవరకు అది ఎండదెబ్బ అనుకుని పిల్లలకు మజ్జిగ ఇప్పించి పంపేదాన్ని. ఆ బాధ నన్ను ఇప్పటికీ వదల్లేదు.

2015లో ధర పడిపోయి, మా జిల్లాలో పొగాకు రైతుల ఆత్మహత్యలు జరిగాయి. పొగాకు బోర్డు 1976 నుంచి గుంటూరు కేంద్రంగా పనిచేస్తున్నది. బ్యారన్‌కు ఇంత అని పంట పరిమితి, లైసెన్సు, వేలం కేంద్రం, అన్నీ కాగితం మీద ఉన్నాయి. అన్నీ ఉండగా ఆ సంవత్సరం ఎందుకలా జరిగిందన్న ప్రశ్న నవలకు మొదటి కారణం. అయితే నేను చావుల గురించి రాయలేదు. వేలంలో అమ్ముడుపోని చెక్కులు (పొగాకు బేళ్లు) తిరిగి ఇంటికి వచ్చిన రాత్రి, ఆ ఇంట్లో ఆడవాళ్లు ఏం మాట్లాడుకున్నారన్నది రాశాను.

పాత్రలు మీ విద్యార్థులేనా? వారి కుటుంబాలేనా?

కాదు. ఈ ప్రశ్నకు మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి.

తెలుగు ఉపాధ్యాయులకు పిల్లలు తమ ఇంటి సంగతులు వ్యాసాల రూపంలో రాసి ఇస్తారు. "మా నాన్న" అని శీర్షిక ఇస్తే, తరగతిలో నోరు విప్పని అమ్మాయి కూడా రెండు పేజీలు రాస్తుంది. ఆ నమ్మకం టీచరు మీద, మార్కులు వేసే మనిషి మీద. రచయిత్రి మీద కాదు. తొలి ప్రతిలో ఒక అధ్యాయం అలాంటి ఒక వ్యాసం నుంచి పుట్టింది. పేర్లు మార్చాను, ఊరు మార్చాను, అమ్మాయిని అబ్బాయిని చేశాను. అది ఆ పుస్తకంలో అందరికన్నా బలమైన అధ్యాయమని చదివిన స్నేహితులు అన్నారు. కానీ ఆ పిల్ల పెద్దదై ఆ నవల తెరిస్తే తనను తాను గుర్తుపట్టదా అని నన్ను నేను అడిగినప్పుడు, గుర్తుపడుతుందన్న జవాబే వచ్చింది. ఆ అధ్యాయం మొత్తం తీసేశాను. నవలకు నష్టం జరిగిందా అంటే, జరిగింది. ఆ చోట ఇప్పటికీ కథ కొంచెం పలచబడుతుందని ఒక విమర్శకుడు సరిగ్గానే పట్టుకున్నారు.

అప్పటి నుంచి నాకొక నియమం ఉంది: బడిలో నేను కళ్లతో చూసిన పనిని, వస్తువును, కాలాన్ని వాడుకుంటాను. పిల్లలు నాకు చెప్పుకున్న మాటను వాడుకోను. పసరు అంటిన చేతులు ఊరందరివీ. "మా నాన్న" అన్న వ్యాసం ఒక్క పిల్లది. రాయాలనుకునే ఉపాధ్యాయులు ఈ గీత ఎక్కడ గీసుకోవాలో రాయడానికి ముందే తేల్చుకోవాలని నా విన్నపం. అచ్చయ్యాక చేయగలిగేది ఏమీ ఉండదు.

పాఠం చెప్పడం వల్ల రచనకు ఏమైనా లాభం కలిగిందా?

చాలా. పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌లో రోజుకు నలభై వరకు జవాబుపత్రాలు దిద్దాలి. వాటిలో అధికభాగం వ్యాసాలు "నేటి ఆధునిక యుగంలో" అని మొదలవుతాయి. పిల్లల తప్పు లేదు, గైడ్లు అలా నేర్పాయి. వారం రోజులు ఆ వాక్యాన్ని చదివిన తరువాత ఇంటికొచ్చి నా రాత తీస్తే, అటువంటి అరువు వాక్యాలు నాలోనూ కనిపించేవి. ఎర్రపెన్ను మొదట అక్కడే వాడాను.

రెండోది, బిగ్గరగా చదవడం. తరగతిలో చదివేటప్పుడు ఏ వాక్యం దగ్గర వెనక బెంచీ కదులుతుందో ఉపాధ్యాయులకు తెలుస్తుంది. నవలలోని ప్రతి అధ్యాయాన్నీ ఇంట్లో నిలబడి, తరగతిలో చదివినంత గొంతుతో చదివాను. ఊపిరి అందని వాక్యాలు విరిచాను.

మూడోది తిక్కన. పాఠ్యపుస్తకంలో భారత భాగం వచ్చిన ప్రతి ఏడాదీ ఆయన సంభాషణ నడిపే తీరు పిల్లలకు విప్పి చెబుతూ వచ్చాను. ఎవరు మాట్లాడుతున్నారో చెప్పకపోయినా మాటను బట్టి మనిషి తెలిసిపోతాడు. మా ప్రాంతానికి ఈ వారసత్వం ఊరికే వచ్చింది: కవిత్రయంలో తిక్కన నెల్లూరు వారు, ఎఱ్ఱన అద్దంకి రెడ్డిరాజుల ఆస్థానానికి చెందినవారు.

సంభాషణలు మన ప్రాంతపు యాసలో ఉన్నాయి. బడిలో ప్రామాణిక భాష నేర్పే మీరు ఇలా రాయవచ్చా?

ఈ ప్రశ్న కొందరు నిష్ఠూరంగానే అడిగారు. తరగతిలో నేను పిల్లవాణ్ణి "మీ నాన్న ఎక్కడికి వెళ్లాడు?" అని అడుగుతాను. వాడు "బ్యారన్ కాడ ఉండాడు టీచర్" అంటాడు. దక్షిణ ప్రకాశంలోనూ నెల్లూరులోనూ "ఉండాడు", "వచ్చుండాడు", "యాడికి బొయ్యుండాడు" అనడం తప్పు మాట్లాడడం అవదు. అది ఒక పద్ధతి గల భాష. కందుకూరు దాటి ఉత్తరంగా పోతూ ఉంటే "ఉండాడు" నెమ్మదిగా "ఉన్నాడు"గా మారుతుంది, ఆ మార్పు ఎక్కడ జరుగుతుందో బస్సులో కూర్చుని వినవచ్చు. పరీక్షలో ఏ భాష రాయాలో పిల్లలకు నేర్పుతాను, అది వారి జీవనాధారానికి అవసరం. ఇంటి భాషను చూసి సిగ్గుపడమని మాత్రం ఎన్నడూ నేర్పను. నవలలో కథనం శిష్ట వ్యావహారికంలో ఉంటుంది, మాటలు ఎవరి మాటలు వారివే.

ఒక ఇబ్బంది చెప్పాలి. పొగాకు పనిలోని మాటలు, రెలుపు, మండె, అల్లకం, చెక్కు వంటివి, హైదరాబాదు పాఠకులకు తెలియవని, కింద అర్థాలు ఇమ్మని కొందరు సూచించారు. ఇవ్వలేదు. మండె తొక్కే మనిషిని నాలుగు వాక్యాల్లో చూపించగలిగితే మండె అంటే ఏమిటో పాఠకులే తెలుసుకుంటారు. చూపించలేకపోతే అది నా లోపం.

ప్రభుత్వ ఉపాధ్యాయులు నవల ప్రచురించడానికి అనుమతి కావాలా?

మనకు వర్తించేది ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల (ప్రవర్తన) నియమావళి, 1964. శుద్ధ సాహిత్య రచన ఒక సంగతి, ప్రభుత్వ విధానాల మీద విమర్శ మరో సంగతి. నవలలో ఈ రెండూ కలిసిపోయే అవకాశం ఉంది కాబట్టి నేను ప్రధానోపాధ్యాయుల ద్వారా పై అధికారులకు లిఖితపూర్వకంగా దరఖాస్తు చేసి, జవాబు వచ్చాకనే అచ్చుకు ఇచ్చాను. మీరు కూడా ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. నోటిమాట మీద వెళ్లవద్దు.

ప్రచురణకర్తకు ఇవ్వకుండా సొంతంగా ఎందుకు వేసుకున్నారు?

మొదట ఇచ్చాను. ఒక ప్రచురణ సంస్థ పద్నాలుగు నెలలు రాతప్రతిని తన దగ్గర ఉంచుకుని, చివరకు ఒక పేజీ ఒప్పందం పంపింది. అన్ని హక్కులూ, అన్ని భాషల్లోనూ, సినిమాతో సహా వారికే చెందుతాయన్నది దాని సారం. రాయల్టీ శాతం రాయలేదు, గడువు రాయలేదు. నేను ఒప్పుకోలేదు. అప్పుడే కాపీరైట్ చట్టం, 1957 తెరిచి చదివాను. రచయిత జీవితకాలమూ, మరణించిన తరువాత 60 సంవత్సరాలూ హక్కు ఉంటుంది. రచన పుట్టిన క్షణం నుంచే ఆ హక్కు రచయితది, నమోదు చేయించుకోవడం తప్పనిసరి కాదు. హక్కును ఇంకొకరికి బదిలీ చేస్తే అది రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. గడువు రాయకపోతే 5 సంవత్సరాలుగానూ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేగానూ చట్టం భావిస్తుంది. మొదటి పుస్తకం అచ్చవుతుందన్న సంబరంలో సంతకం చేసేవారిని చాలామందిని చూశాను. చట్టంలోని 19వ సెక్షన్ ఒక్కటి చదివి సంతకం చేయండి.

తరువాత విజయవాడలో అచ్చు వేయించాను. యూనికోడ్‌లో టైపు చేసిన ప్రతిని డీటీపీ వారు, అంటే అచ్చుకు పేజీలు కూర్చేవారు, తాము వాడే అను ఫాంట్లలోకి మార్చినప్పుడు ఒత్తులు చెదిరిపోయాయి. "బ్యారన్" అన్న మాటే నలభై చోట్ల విరిగింది. మూడు ప్రూఫులు చూశాను, రెండు చాలవు. మొదట 270 పేజీలు వచ్చింది. 16 పేజీల ఫారాల (అచ్చులో ఒక్కో విడతగా వేసే కాగితాల) లెక్కకు సరిపోవాలని 256కు తగ్గించమన్నారు. ఆ పద్నాలుగు పేజీల కోత వల్ల నవల బాగుపడింది.

ఐఎస్‌బీఎన్ ఎలా వస్తుంది?

పుస్తకాన్ని గుర్తించే ఈ అంతర్జాతీయ సంఖ్యను న్యూఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఐఎస్‌బీఎన్ ఏజెన్సీ ఇస్తుంది. ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి. రుసుము లేదు, సొంతంగా వేసుకునే రచయితలకూ ఇస్తారు. డబ్బు తీసుకుని ఇప్పిస్తామనేవారిని నమ్మవద్దు. పుస్తకం వచ్చిన 30 రోజుల్లోగా, 1954 నాటి చట్టం ప్రకారం కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై కన్నెమెరాతో సహా మరో మూడు గ్రంథాలయాలకూ ప్రతులు పంపడం ప్రచురించినవారి బాధ్యత.

నవల వల్ల ఎంత సంపాదించారు?

ఈ లెక్క దాచుకోవలసింది కాదు. 500 ప్రతులు వేశాను, ధర 250 రూపాయలు. అచ్చు, డీటీపీ, ముఖచిత్రం కలిపి 62 వేలు అయింది. పుస్తకాల షాపుల ద్వారా 310 ప్రతులు పోయాయి. నలభై శాతం కమీషన్ పోగా ప్రతికి 150 చొప్పున 46,500 వచ్చింది. సభల్లోనూ పోస్టులోనూ నేరుగా 150 ప్రతులు అమ్మితే 37,500 వచ్చింది. మిగిలిన 40 సమీక్షలకు, గ్రంథాలయాలకు, స్నేహితులకు ఇచ్చాను. ఖర్చు పోగా మిగిలింది 22 వేలు, అందులో పోస్టేజీ, బస్సు చార్జీలు తీయాలి. తొమ్మిదేళ్ల పనికి అది. అలాగని విచారంగా చెప్పడం లేదు. చేతి నుంచి పెట్టుబడి పోకుండా మొదటి నవల 460 ఇళ్లకు డబ్బిచ్చి కొనుక్కున్న పుస్తకంగా చేరింది.

బహుమతులకు పంపారా?

రెండు పోటీలకు పంపాను, రాలేదు. సాహిత్య అకాడెమీ 2011 నుంచి ఇస్తున్న యువ పురస్కారానికి వయోపరిమితి 35. నేను ఆ వయసు దాటాను. ముప్పైలోపు ఉన్న ఉపాధ్యాయులు దాన్ని దృష్టిలో ఉంచుకోవచ్చు.

మీ విద్యార్థులు నవల చదివారా?

బడిలో నేను ఎవరికీ ఇవ్వలేదు, కొనమని చెప్పలేదు. మార్కులు వేసే చేతితో పుస్తకం అమ్మకూడదు. అయినా తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె ఊరి గ్రంథాలయం నుంచి తెచ్చి వాళ్ల అవ్వకు చదివి వినిపించిందట. ఆ అవ్వ ఒక రోజు బడి గేటు దగ్గర నన్ను ఆపి, "ఏందమ్మా పంతులమ్మా, మూడో రోజు రాత్రి మంట అంత పెంచితే ఆకు మాడిపోదా? నువ్వు బ్యారన్ కాల్చుండావా ఎప్పుడన్నా?" అని అడిగింది. నేను కాల్చలేదు. చూశాను, అంతే. ఆమెతో కూర్చుని ఏ రోజు ఎంత వేడి ఉండాలో రాసుకున్నాను. రెండో ముద్రణలో 118వ పేజీ మారుతుంది.

నవల బాగా ఆడితే ఉద్యోగం మానేస్తారా?

మానను. పైన చెప్పిన లెక్క ఒక కారణం. రెండోది, జనవరిలో ఖాళీ అయ్యే ఆ మూడు బెంచీలు. వాటి గురించి రాయడం ఒక పని, రెలుపుల కాలంలో తల్లిదండ్రుల దగ్గరికి వెళ్లి పిల్లను బడికి పంపమని అడగడం ఇంకొక పని. రెండోది మానేస్తే మొదటిదానికి నాకు అర్హత ఉండదని నా అభిప్రాయం.

రెండో నవల రాస్తున్నారా?

మార్కాపురం పలకల గనుల మీద చదువుతున్నాను. ఒకప్పుడు ఆ పలక లేని తెలుగు బడి ఉండేది కాదు. ఇంకా ఒక్క పేజీ కూడా రాయలేదు. పాత పత్రికల కోసం సెలవుల్లో వేటపాలెం సారస్వత నికేతనానికి వెళుతున్నాను. 1918లో మొదలై, 1929లో గాంధీజీ చేతుల మీదుగా భవనానికి శంకుస్థాపన జరుపుకున్న ఆ గ్రంథాలయంలో పాత పత్రికల సంపుటాలు భద్రంగా ఉన్నాయి. చరిత్ర నేపథ్యంగా రాయాలనుకునే ఉపాధ్యాయులు ఇంటి దగ్గరే ఇటువంటి చోటు ఉందని తెలుసుకోవాలి.

నవల ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది?

మొదటి ముద్రణ అయిపోయింది. నెల్లూరు, ఒంగోలు జిల్లా కేంద్ర గ్రంథాలయాలకూ, కందుకూరు శాఖా గ్రంథాలయానికీ రెండేసి ప్రతులు ఇచ్చాను. అవ్వ చెప్పిన దిద్దుబాట్లతో రెండో ముద్రణ వేసవి సెలవుల తరువాత వస్తుంది. అప్పటిదాకా గ్రంథాలయ ప్రతిని చదివేవారు, 118వ పేజీలో మంట సంగతి తప్పుగా ఉందని గమనించగలరు.